వెన్ను నరాల గడ్డలు, మూడు తరాలు, ఒక మేనరికం: ఒక ష్వానోమటోసిస్ కేసు

ఈ కేసును కుటుంబం అనుమతితో రాస్తున్నాను. వాళ్ళను ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, వృత్తి, వయసుల్లో కొన్ని మార్చాను.

రోగి 42 ఏళ్ళ మహిళ. ప్రకాశం జిల్లా పల్లెటూరు. ఇంట్లోనే కుట్టుమిషను మీద జాకెట్లు కుడతారు. న్యూరోసర్జన్ నా జెనెటిక్స్ ఓపీకి పంపుతూ చీటీలో రాసింది ఒక్క వాక్యం: వెన్నులో పలు ష్వానోమాలు, ఎన్‌ఎఫ్2 అనుమానం, జన్యు సలహా కావాలి. ష్వానోమా అంటే నరానికి తొడుగు కట్టే కణాల్లో పుట్టే గడ్డ. అలాంటివి పలుచోట్ల వచ్చే వంశపారంపర్య జబ్బు ష్వానోమటోసిస్. ఎన్‌ఎఫ్2 అందులో ఒక రకం.

నొప్పి మొదలై పన్నెండేళ్ళయింది. రెండో కాన్పు తర్వాత కుడి తొడ ముందు భాగంలో మంట. పగలు పనిలో పడి మర్చిపోయేవారు, రాత్రి పడుకుంటే నిద్రపట్టేది కాదు. "తొడలోపల నిప్పు రాజేసినట్టుంటదమ్మా, పైన చెయ్యేస్తే మాత్రం చల్లగానే ఉంటది" అన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూదిమందులిచ్చాడు. ఎముకల డాక్టర్ సయాటికా అన్నారు. ఎక్స్‌రే మామూలుగా ఉంది. ఇంకో చోట నిద్రమాత్ర రాసి, మనసులో దిగులు పెట్టుకోవద్దని పంపించారు. ఆరేళ్ళ తర్వాత మెట్లెక్కుతుంటే మోకాలు జారిపోవడం మొదలయ్యాక గానీ ఎవరూ ఎమ్మారై తీయించలేదు. నడుములో మూడో వెన్నుపూస, అంటే ఎల్3 దగ్గర, వెన్నుపాము పొర లోపల, నరం వేరును పట్టుకుని ఒక గడ్డ ఉంది. ఆపరేషన్ చేసి తీశారు. బయాప్సీ రిపోర్టు ష్వానోమా అని వచ్చింది. ఏడాదిన్నర సుఖంగా ఉన్నారు.

తర్వాత నొప్పి మళ్ళీ వచ్చింది, పాత చోట మాత్రం కాదు. కుడి పక్కటెముకల కింద పట్టీ కట్టి బిగించినట్టు ఒకటి, ఎడమ ముంజేతిలో ఒకటి. ఆపరేషన్ అయిన ఆసుపత్రిలో కొత్త ఎమ్మారై నడుము వరకే తీశారు. అందులో పెద్దగా ఏమీ కనిపించక, ఇది ఆపరేషన్ తాలూకు నొప్పేనన్నారు. నొప్పి ఒకచోట, ఫోటో ఇంకోచోట. ఇలాంటి రోగులకు ఇది పదేపదే జరుగుతుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను: వయసులో ఉన్న మనిషికి వెన్నులో ఒక ష్వానోమా బయటపడి, ఆ తర్వాత నొప్పి వేరే చోట మొదలైతే తల నుంచి తోకఎముక దాకా మొత్తం వెన్నుకు కాంట్రాస్ట్ ఎమ్మారై తీయాలి. నొప్పి ఉన్న చేతికో కాలికో విడిగా తీయాలి.

పరీక్షలో కుడి మోకాలి రిఫ్లెక్స్ తగ్గి ఉంది. ఎడమ ముంజేయి లోపలివైపు సెంటీమీటరున్నర గడ్డ చేతికి తగిలింది. పక్కలకు కదులుతుంది, నిలువుగా కదలదు. నరం మీద పుట్టిన గడ్డ అలాగే ఉంటుంది. దాని మీద వేలితో చిన్నగా తట్టగానే చిటికెన వేలి దాకా షాక్ కొట్టినట్టయి ఆవిడ చెయ్యి లాగేసుకున్నారు. "కుట్టేటప్పుడు బల్ల అంచు తగిలితే ఇట్లాగే అవుతది" అన్నారు. చర్మం మీద కాఫీ రంగు మచ్చలు లేవు, చంకల్లో చుక్కలు లేవు, మెత్తటి చర్మపు గడ్డలు లేవు. వినికిడి పరీక్ష మామూలుగా ఉంది. కంటి డాక్టర్ స్లిట్ ల్యాంప్ కింద చూసి, చిన్న వయసులో వచ్చే రకం శుక్లం గానీ, రెటీనాలో మచ్చలు గానీ లేవని రాశారు.

మొత్తం వెన్ను ఎమ్మారైలో అసలు సంగతి తెలిసింది. వెన్నుపాము కింది చివర నరాల కుచ్చులో నాలుగు చిన్న గడ్డలున్నాయి. ఎనిమిదో వీపు వెన్నుపూస దగ్గర, నరం బయటికొచ్చే రంధ్రంలో, లోపల కొంత బయట కొంతగా డంబెల్ ఆకారంలో ఇంకొకటి. పక్కటెముకల కింద పట్టీ నొప్పికి కారణం అదే. మెదడుకు, చెవి నరాలున్న భాగానికి పలుచటి ముక్కలుగా తీసిన ఎమ్మారైలో వినికిడి నరం రెండు వైపులా శుభ్రంగా ఉంది. మెదడు పొర మీద వచ్చే మెనింజియోమా గడ్డ కూడా లేదు.

*

వెన్ను నరాల వేర్ల మీద ఒకటికి మించి గడ్డలున్న రోగి వస్తే ఆలోచించాల్సిన వంశపారంపర్య జబ్బులు కొన్నే. మొదటిది ఎన్‌ఎఫ్1. దాని జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ జబ్బులో వచ్చేవి న్యూరోఫైబ్రోమాలు అనే వేరే రకం నరాల గడ్డలు. కొన్ని కుటుంబాల్లో చర్మం మీద దాదాపు ఏమీ కనిపించకుండా వెన్ను నరాల వేర్లన్నిటి మీదా రెండు వైపులా న్యూరోఫైబ్రోమాలు వస్తాయి. కాబట్టి దాని గుర్తులైన కాఫీ రంగు మచ్చలు లేనంత మాత్రాన ఎన్‌ఎఫ్1ను పక్కన పెట్టేయకూడదు. ఈవిడ విషయంలో పాత బయాప్సీ గాజు పలకలు తెప్పించి మా పాథాలజిస్టు మళ్ళీ చూశారు. చిక్కగా అల్లుకున్న ఆంటోనీ ఎ భాగాలు, వదులుగా ఉన్న ఆంటోనీ బి భాగాలు, ఎస్100 రంగు గట్టిగా పట్టడం, అన్నీ ష్వానోమావే. నరం పోగులు గడ్డ మధ్యనుంచి వెళ్ళకుండా అంచుకు నెట్టబడి ఉన్నాయి. సర్జన్‌కు ఇది చాలా అవసరమైన తేడా. ష్వానోమాను నరం నుంచి ఒలిచి తీసే వీలుంటుంది. న్యూరోఫైబ్రోమా పోగుల్లో కలిసిపోయి ఉంటుంది.

ష్వానోమాలు పలుచోట్ల వస్తే అనుమానించాల్సిన జన్యువులు మూడు. మూడూ 22వ క్రోమోజోమ్ పొడవాటి చేయి మీదే ఉంటాయి. క్రోమోజోమ్ నడుము లాంటి సెంట్రోమియర్ వైపు నుంచి చూస్తే ముందు ఎల్‌జెడ్‌టీఆర్1, తర్వాత ఎస్‌ఎమ్‌ఏఆర్‌సీబీ1, కాస్త దూరంలో ఎన్‌ఎఫ్2. ఎన్‌ఎఫ్2 జన్యువును 1993లో కనుక్కున్నారు. అది తయారుచేసే ప్రొటీన్ మెర్లిన్. రెండు చెవుల నరాల మీదా గడ్డలు రావడం ఆ జన్యువు చెడి వచ్చే జబ్బుకు ముఖ్య లక్షణం. చెవి నరాలు బాగుండి, కుటుంబంలో పదేపదే ష్వానోమాలు వస్తున్న వాళ్ళలో ఎస్‌ఎమ్‌ఏఆర్‌సీబీ1 మార్పు ఉండొచ్చని 2007లోను, ఎల్‌జెడ్‌టీఆర్1 మార్పు ఉండొచ్చని 2014లోను తేలింది. 2022లో నిపుణులు పేర్లు మార్చారు. పాత న్యూరోఫైబ్రోమటోసిస్ 2ను ఇప్పుడు ఎన్‌ఎఫ్2 సంబంధిత ష్వానోమటోసిస్ అంటున్నారు. పాత రిపోర్టు, కొత్త రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని తమకు జబ్బే మారిపోయిందని కంగారుపడే కుటుంబాలున్నాయి. మారింది పేరు మాత్రమే.

ఇవి అరుదైన జబ్బులు. ఇంగ్లండ్ లెక్కల ప్రకారం ఎన్‌ఎఫ్2 రకం సుమారు 28,000 జననాలకు ఒకరిలో, మిగతా ష్వానోమటోసిస్ సుమారు 69,000 జననాలకు ఒకరిలో వస్తుంది.

*

కుటుంబ చరిత్ర అడిగితే మొదట వచ్చిన జవాబు అందరూ చెప్పేదే. "మా వంశంలో ఎవరికీ ఇట్లాంటి జబ్బు లేదమ్మా."

ఇలాంటి జబ్బు అంటే వాళ్ళకు ఏం తెలుస్తుంది? నేను అలా అడగను. ఇంట్లో ఎవరికైనా ఎక్కడైనా గడ్డ కోసి తీశారా, ఎవరైనా నడుం నొప్పితో మంచాన పడ్డారా, ఒంటి మీద ఫలానా చోట ముట్టుకోనివ్వని వాళ్ళెవరైనా ఉన్నారా, కాళ్ళు పడిపోయి పోయినవాళ్ళున్నారా అని ఒక్కొక్కరి పేరూ అడిగి గీసుకుంటూ పోతాను. ముప్పావు గంట పడుతుంది. ఓపీ రద్దీలో అంత సమయం పెట్టడం కష్టమే గానీ ఈ జబ్బుల్లో అంతకంటే విలువైన పరీక్ష లేదు.

అప్పుడు వాళ్ళ నాన్న సంగతి బయటికొచ్చింది. "ఆయనకు పచ్చవాతం." 51వ ఏట వచ్చి, మూడేళ్ళు మంచంలో ఉండి పోయారట. ఎలా వచ్చిందని అడిగాను. ముందు ఒక కాలు తిమ్మిరి, కొన్ని నెలలకు రెండో కాలు, ఏడాది తిరిగేసరికి రెండూ పడిపోయాయి, మాట, చేతులు, మూతి అన్నీ బాగానే ఉన్నాయి. మెదడులో రక్తనాళం దెబ్బతిని వచ్చే పక్షవాతం అలా రాదు. వెన్నుపాము మీద ఏదో మెల్లగా నొక్కితే అలా వస్తుంది. ఆయనకు ఎమ్మారై లేదు, బయాప్సీ లేదు. వంశవృక్షంలో ఆయనను సూచించే చదరం మీద ప్రశ్నార్థకం పెట్టాను.

మేనత్తకు దండచేతిలో గడ్డ రెండుసార్లు తీశారు. కొవ్వు గడ్డ అన్నారట. కొవ్వు గడ్డ అంతగా నొప్పి పెట్టదు. అన్నగారికి 46 ఏళ్ళు. "మా అన్నకేం లేదు, గట్టి మనిషి" అన్నారు రోగి.

గీత గీస్తుండగా వాళ్ళాయన అన్నమాట ఈ కేసును మలుపు తిప్పింది. "మా అమ్మాయిని ఆళ్ళ మేనమామ కొడుక్కే ఇస్తన్నామండి. శ్రావణంలో లగ్గం."

అమ్మాయికి 20, అబ్బాయికి 24. వంశవృక్షంలో రక్తసంబంధం ఉన్న పెళ్ళికి జంటగీత గీస్తాం. ఇంకా జరగని పెళ్ళి కాబట్టి పెన్సిలుతో గీశాను.

*

రక్తంలో మూడు జన్యువులకూ కలిపి సీక్వెన్సింగ్, అంటే జన్యువులోని అక్షరాలను వరసగా చదివే పరీక్ష, పెద్ద ముక్కలు పోయాయేమో చూసే ఎమ్‌ఎల్‌పీఏ పరీక్ష చేయించాం. ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి, అందుకే ఎందుకు అవసరమో ముందే విడమరిచి చెప్పాను. ఎన్‌ఎఫ్2, ఎస్‌ఎమ్‌ఏఆర్‌సీబీ1 బాగానే ఉన్నాయి. ఎల్‌జెడ్‌టీఆర్1లో ఒక అక్షరం మారి ఉంది. ప్రొటీన్‌కు పనికొచ్చే భాగాలను కలిపి కుట్టే చోటుకు, అంటే స్ప్లైస్ సైట్‌కు, కొద్ది దూరంలో. ల్యాబ్ దాన్ని వీయూఎస్‌గా రాసింది, అంటే హానికరమో కాదో తేల్చలేని మార్పు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కొందరు వీయూఎస్‌ను జబ్బుగానే చెప్పేస్తారు, కొందరు ఏమీ లేదని పంపించేస్తారు. రెండూ తప్పే. ఈ జబ్బులో మిగతా సాక్ష్యం రక్తంలో దొరకదు, గడ్డలో దొరుకుతుంది. కారణం చెప్పాలంటే ష్వానోమా ఎలా పుడుతుందో చెప్పాలి.

ప్రతి కణంలోనూ 22వ క్రోమోజోములు రెండుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఇలాంటి కుటుంబంలో వాటిలో ఒకదాని మీద ఎల్‌జెడ్‌టీఆర్1 పుట్టుకతోనే దెబ్బతిని ఉంది. అది ఒక్కటే అయితే గడ్డ రాదు. నరానికి తొడుగు కట్టే ష్వాన్ కణాల్లో ఏదో ఒక కణంలో, ఎప్పుడో ఒకప్పుడు, రెండో 22వ క్రోమోజోమ్ పూర్తిగానో పెద్ద ముక్కగానో పోతుంది. దానితో పాటు బాగున్న ఎల్‌జెడ్‌టీఆర్1, బాగున్న ఎన్‌ఎఫ్2 రెండూ పోతాయి. ఇక మిగిలిన క్రోమోజోమ్ మీద ఉన్న ఒక్క ఎన్‌ఎఫ్2 కూడా అదే కణంలో దెబ్బతింటే మెర్లిన్ లేకుండా పోయి ఆ కణం పెరగడం మొదలుపెడుతుంది. మూడు అడుగులు, రెండు జన్యువుల నాలుగు కాపీలు. ఈ మూడో అడుగు ప్రతి గడ్డలోనూ విడివిడిగా పడుతుంది కాబట్టి ఒక గడ్డలో ఎన్‌ఎఫ్2 మార్పు ఇంకో గడ్డలో ఉన్నదే అవ్వక్కర్లేదు.

రోగ నిర్ధారణకు ఉపయోగపడేది సరిగ్గా ఈ సంగతే. రెండు వేర్వేరు చోట్ల గడ్డల్లో ఒకే ఎన్‌ఎఫ్2 మార్పు ఉండి, రక్తంలో లేకపోతే, అది మొజాయిక్ ఎన్‌ఎఫ్2. పిండ దశలో ఏదో ఒక కణంలో మొదలై కొంత శరీరానికే పరిమితమైన జబ్బు. పిల్లలకు వెళ్ళే అవకాశం తక్కువ, తోబుట్టువులకు దాదాపు లేదు. అలా కాకుండా రెండు గడ్డల్లో ఎన్‌ఎఫ్2 మార్పులు వేర్వేరుగా ఉండి, రెండింటిలోనూ ఒకే ఎల్‌జెడ్‌టీఆర్1 మార్పు మిగిలి, ఎదుటి క్రోమోజోమ్ పోయి ఉంటే, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జబ్బు. ఒక గడ్డతో ఈ రెండూ విడదీయలేం. రెండు కావాలి.

ఒకటి ముంజేతిలో ఉంది. అది ఎలాగూ తీయాల్సిందే, అంత నొప్పి పెడుతోంది. రెండోది ఆరేళ్ళ కిందట ఎల్3 దగ్గర తీసినది. దాని మైనపు దిమ్మ, పారాఫిన్ బ్లాక్ అంటాం, ఎక్కడుందో వెతకాలి. మన దగ్గర చాలా ల్యాబులు కొన్నేళ్ళ తర్వాత బ్లాకులు పారేస్తాయి, లేదా రోగి చేతికిస్తాయి, రోగి ఇంట్లో పోతాయి. వాళ్ళాయన ఆ ఆసుపత్రికి మూడుసార్లు తిరిగి, పాత రిజిస్టర్లో నంబరు పట్టించి, చిన్న ప్లాస్టిక్ సంచిలో బ్లాకు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఈ కేసులో నిర్ధారణకు ఎక్కువ సాయం చేసింది ఆయనే.

ఫలితాలు ఇలా వచ్చాయి. రెండు గడ్డల్లోనూ ఎల్‌జెడ్‌టీఆర్1 మార్పు అదే, బాగున్న రెండో కాపీ పోయింది. ఎల్3 గడ్డలో ఎన్‌ఎఫ్2 ఒకచోట చెడింది, ముంజేతి గడ్డలో వేరే చోట. రెండూ రక్తంలో లేవు. రక్తం నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి చూస్తే ఆ మార్పు వల్ల జన్యు సందేశంలో ఒక భాగం దాటవేయబడుతోందని కనిపించింది. మేనత్తకు పరీక్ష చేస్తే ఆవిడకూ అదే మార్పు ఉంది. ఆవిడ గడ్డ పాత గాజు పలకను తెప్పించి చూస్తే కొవ్వు కాదు, ష్వానోమా. ఇవన్నీ కలిపి ల్యాబ్ ఆ మార్పును బహుశా హానికరం అనే తరగతికి మార్చింది. 2022 ప్రమాణాల ప్రకారం ఇది ఎల్‌జెడ్‌టీఆర్1 సంబంధిత ష్వానోమటోసిస్.

అన్నగారి రక్తంలోనూ ఉంది. ఆయన నమ్మలేదు. "నాకు తలనొప్పి కూడా రాదండి" అన్నారు. ఎమ్మారైలో ఆయన నడుం నరాల మీద రెండు చిన్న ష్వానోమాలు కనిపించాయి. వాటి వల్ల ఏ ఇబ్బందీ లేదు. ఎల్‌జెడ్‌టీఆర్1 మార్పు ఉన్న అందరికీ జబ్బు బయటపడదు, కొందరు జీవితాంతం హాయిగా ఉంటారు. కుటుంబంలో ఒక తరం దాటేసినట్టు కనిపించడానికి కారణం ఇదే. అన్నగారు అసలు పరీక్షకు రాకపోయి ఉంటే ఈ జబ్బు చెల్లెలితోనే మొదలైందని అందరూ అనుకునేవారు.

*

ఇక పెళ్ళి సంగతి.

మేనరికం వల్లే ఈ జబ్బు వచ్చిందా అన్నది ఆ ఇంటి పెద్దల మొదటి ప్రశ్న. కాదు. ఇది ఒక్క కాపీ చెడినా వచ్చే డామినెంట్ జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ ఆ మార్పు వెళ్ళే అవకాశం సగం. బయటి సంబంధం చేసుకున్నా అంతే. రోగి తల్లిదండ్రులది మేనరికం కాదు కూడా.

అయినా ఈ ప్రత్యేక జన్యువుతో మేనరికానికి ఇంకో కోణం ఉంది, అది చెప్పకుండా వదిలేయడం అన్యాయం. ఎల్‌జెడ్‌టీఆర్1 ప్రొటీన్ సాధారణంగా చేసే పని కణంలో పెరుగుదల సంకేతాలు మోసే రాస్ కుటుంబపు ప్రొటీన్లను అదుపులో పెట్టడం. అదుపు తప్పితే వచ్చే జబ్బుల్లో నూనన్ సిండ్రోమ్ ఒకటి: పొట్టితనం, మెడ వెడల్పు, కళ్ళ మధ్య దూరం, గుండె కవాటం ఇరుకు కావడం, గుండె కండరం మందం కావడం. ఎల్‌జెడ్‌టీఆర్1 రెండు కాపీలూ చెడి పుట్టిన పిల్లల్లో నూనన్ సిండ్రోమ్ వస్తుందని 2018లో పలు కుటుంబాల్లో చూపించారు. వాళ్ళలో కొందరికి గుండె జబ్బు తీవ్రంగా ఉంది. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో చెడ్డ కాపీ మోస్తూ ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరి నుంచీ అదే వస్తేనే ఇబ్బంది. మేనరికంలో అలా జరిగే అవకాశం పెరుగుతుంది.

ఈ కుటుంబంలో లెక్క కట్టాం. అమ్మాయికి తల్లి నుంచి ఆ మార్పు వచ్చే అవకాశం సగం, అబ్బాయికి తండ్రి నుంచి సగం. ఇద్దరికీ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరికీ ఉంటే ప్రతి గర్భంలోనూ బిడ్డకు రెండు కాపీలూ చెడి రావడానికి నాలుగింట ఒకటి. పరీక్షలు చేయకముందు మొత్తం కలిపి పదహారింట ఒకటి. ఇద్దరిలో ఒక్కరికి లేదని తేలినా ఈ రెండు కాపీల ప్రమాదం పోతుంది.

అంటే ఇద్దరికీ ఒకేసారి పరీక్ష చేయనక్కర్లేదు. ఒకరికి చేసి, లేదని వస్తే రెండోవారి ఫలితం పెళ్ళికి అవసరమే లేదు. మరి ముందు ఎవరికి? కుటుంబ పెద్దలు ఏమాత్రం ఆలోచించకుండా అమ్మాయికి అన్నారు. నేను ఒప్పుకోలేదు. పల్లెటూళ్ళో ఆడపిల్ల రక్తంలో ఏదో ఉందట అన్న మాట ఒకసారి బయటికి పోతే ఈ సంబంధం నిలిచినా పోయినా ఆ మాట ఆమె వెంటే ఉంటుంది. మగపిల్లవాడి విషయంలో లోకం అంత దూరం వెళ్ళదు. వైద్యపరంగా ఎవరిది ముందు చేసినా ఒకటే అయినప్పుడు తక్కువ నష్టపోయేవాళ్ళతో మొదలుపెట్టడమే సబబు. అబ్బాయితో విడిగా మాట్లాడాను. అతనికి విషయం మొత్తం అర్థమైంది. "నాకే చెయ్యండి మేడం, మరదలిని ఇందులోకి లాగొద్దు" అన్నాడు.

అతనికి ఆ మార్పు లేదు.

శ్రావణంలో పెళ్ళి జరిగింది. అమ్మాయి పరీక్ష విషయం పూర్తిగా ఆమె ఇష్టానికి వదిలేశాం. వద్దనుకుంటే ఒకసారి ఎమ్మారై తీసి చూసి, తర్వాత రెండు మూడేళ్ళకోసారి తీస్తూ పోవాలి. పరీక్షలో లేదని వస్తే ఆ ఎమ్మారైల అవసరం ఉండదు. ఇద్దరూ కలిసి కొన్ని నెలల తర్వాత వచ్చారు, పిల్లల గురించి ఆలోచిస్తున్నామని, తెలుసుకుంటే మంచిదనుకున్నామని. ఆమెకు ఆ మార్పు ఉంది. మెదడు, వెన్ను ఎమ్మారైలో ప్రస్తుతం ఏ గడ్డా లేదు.

వాళ్ళతో మాట్లాడినదాంట్లో ముఖ్యమైనవి: బిడ్డకు ఒక కాపీ వెళ్ళే అవకాశం సగం. వెళ్ళినా జబ్బు ఎప్పుడు, ఎంతగా బయటపడుతుందో గర్భంలో చేసే పరీక్ష చెప్పలేదు. బయటపడితే ఎక్కువమందిలో అది పెద్దయ్యాకే. ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భసంచిలో పెట్టకముందే పరీక్షించే పద్ధతి ఉంది. గర్భం నిలిచాక మాయ ముక్కతో గానీ ఉమ్మనీటితో గానీ చేసే పరీక్షా ఉంది. జన్యు జబ్బుల కోసం ఇవి చేయడానికి మన చట్టం అనుమతిస్తుంది, ఆడో మగో చెప్పడానికి మాత్రం కాదు. ఏది చేయించుకోవాలో, అసలు చేయించుకోవాలో వద్దో నేను చెప్పను. నా అభిప్రాయం అడిగితే మాత్రం దాచను: గుండె జబ్బుతో పుట్టే ప్రమాదం తొలగిపోయాక, మిగిలిన ఈ జబ్బు కోసం గర్భం వదులుకోమని నేను ఎవరికీ సలహా ఇవ్వలేను. నొప్పి నిజమే, దాన్ని తక్కువ చేయను, కానీ వాళ్ళ మేనమామ లాంటి వాళ్ళూ ఇదే మార్పుతో పొలం దున్నుకుంటున్నారు. వాళ్ళిద్దరూ ఏ పరీక్షా వద్దనుకున్నారు.

*

రోగి చికిత్స గురించి. ఈ జబ్బులో కనిపించిన గడ్డనల్లా తీయడం సరైన పద్ధతి కాదు. నొప్పికి, గడ్డ పరిమాణానికి పొంతన ఉండదు. చిన్నది విపరీతంగా నొప్పి పెడుతుంది, పెద్దది ఊరుకుంటుంది. గడ్డ కణాలు విడుదల చేసే పదార్థాలు పక్కనున్న నొప్పి నరాలను రెచ్చగొడతాయని ప్రయోగశాలల్లో చూశారు, పరిమాణంతో సంబంధం లేకపోవడానికి అదొక కారణం కావచ్చు. అందుకని నొప్పికి కారణమని పరీక్షలో స్పష్టంగా తేలిన గడ్డను, లేదా వెన్నుపామును నొక్కుతున్న గడ్డను మాత్రమే తీస్తాం.

ముంజేతి గడ్డను సర్జన్ మైక్రోస్కోపు కింద, నరాన్ని విద్యుత్‌తో పరీక్షిస్తూ, తొడుగును పోగుల వెంట చీల్చి ఒలిచి తీశారు. చిటికెన వేలి స్పర్శ, పట్టు రెండూ నిలిచాయి. డంబెల్ గడ్డ ఇంకా వెన్నుపామును తాకలేదు, దాన్ని వదిలి మందులతో చూస్తున్నాం. ప్రీగాబలిన్ రాత్రి మోతాదు ఎక్కువగా, పగలు తక్కువగా. దానికి డ్యులోక్సెటిన్ జోడించాక నిద్ర కుదిరింది. ఆవిడ తన నొప్పికి పదికి ఎనిమిది మార్కులు వేసేవారు, ఇప్పుడు మూడు వేస్తున్నారు. కింది కుచ్చులోని నాలుగు గడ్డల జోలికి పోలేదు. రేడియేషన్ వద్దని ఫైలు మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాశాను. పుట్టుకతోనే గడ్డలు వచ్చే జన్యు మార్పు ఉన్నవాళ్ళలో రేడియేషన్ తర్వాత క్యాన్సర్‌గా మారే భయం ఉంటుంది, వేరే దారి ఉన్నంతవరకు దాన్ని దూరం పెడతాం. ఏ గడ్డైనా ఉన్నట్టుండి వేగంగా పెరిగినా, నొప్పి తీరు మారినా వెంటనే రమ్మన్నాం.

నొప్పి కంటే ఆవిడను ఎక్కువ బాధించింది ఇన్నేళ్ళుగా తనది నటన అని ఇంట్లోవాళ్ళు అనుకోవడం. గడ్డల ఎమ్మారై తెర మీద చూపించి, ఒక్కో గడ్డ ఏ నొప్పికి కారణమో అత్తగారికి, వాళ్ళాయనకు వేలుపెట్టి చూపించాను. ఇది చికిత్సలో భాగమనే అనుకుంటున్నాను. పని విషయంలో, కుట్టుమిషను బల్ల అంచుకు మెత్తటి పట్టీ వేయించుకోమని, పెడల్ తొక్కకుండా మోటారు పెట్టించుకోమని చెప్పాం.

కొడుక్కి 14 ఏళ్ళు. పరీక్ష ఇప్పుడు చేయలేదు. ఎల్‌జెడ్‌టీఆర్1 కుటుంబాల్లో ఏ లక్షణాలూ లేని పిల్లలకు మొదటి ఎమ్మారై 15 నుంచి 19 ఏళ్ళ మధ్య తీస్తే సరిపోతుంది. అప్పటికి తనకు తెలుసుకోవాలో వద్దో తనే చెప్పగలడు. ఎస్‌ఎమ్‌ఏఆర్‌సీబీ1 కుటుంబమైతే ఇలా ఆగేవాళ్ళం కాదు, అక్కడ పదేళ్ళ వయసు నుంచే చూడటం మొదలుపెడతాం. అన్నగారికి రెండేళ్ళకోసారి ఎమ్మారై. ఆయన కూతురు ఇంటర్ చదువుతోంది, ఆమెతో మాట్లాడటానికి వచ్చే సెలవుల్లో రమ్మన్నాం.

మేనత్త పిల్లలు ముగ్గురు. ఇద్దరు ఊళ్ళోనే ఉన్నారు, ఒకరు పరీక్ష చేయించుకున్నారు, ఒకరు ఆలోచిస్తామన్నారు. మూడో అతను కువైట్‌లో డ్రైవరు. చాలాకాలంగా నడుం నొప్పి, సీటులో కూర్చుని కూర్చుని వచ్చిందనుకుంటున్నాడు. అక్కడ తీయించిన ఎమ్మారై ఫైళ్ళు ఫోన్లో పంపాడు. నడుము వరకే తీశారు, కాంట్రాస్ట్ లేదు. సెలవు మీద వచ్చినప్పుడు మొత్తం వెన్నుకు తీయిద్దామని, ఈలోగా కాలు తిమ్మిరెక్కినా, మూత్రం పోయడంలో తేడా వచ్చినా సెలవు కోసం ఆగకుండా అక్కడే వెంటనే ఆసుపత్రికి వెళ్ళమని, చూపించడానికి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి పంపాను.